ఒక ఛర్రా తక్కువ

జుమ్మెరాత్ బజార్‌లో కొన్న సైకిలు నాది.
ఫ్రేము ఎవరో పాలాయనది,
క్యాన్లు రాసుకున్న చోట రంగు లేదు.
ముందు చక్రం ఇంకెవరిదో.
సీటు మాత్రం బాగా బరువైన మనిషిది,
ఎడమకి ఒరిగి కూర్చునే మనిషిది.
పదేళ్లైంది, అతన్ని నేనింకా సరిచేయలేదు.

అంబర్‌పేట, గోల్నాక, చాదర్‌ఘాట్ వంతెన,
అక్కణ్ణించి ఛత్తా బజార్.
పెళ్లికార్డుల మీద పేర్లు పేరుస్తాను నేను.

ఆషాఢం మొదట్లో క్రాంకు దగ్గర కటక్‌మంది.
కుడికాలు దిగినప్పుడల్లా ఒకటి.
వంతెన దాటేసరికి ఎనభై మూడు.
లెక్కపెట్టుకునేంత తీరిక;
ముహూర్తాలు లేవు, పని లేదు.

వహీద్ చచ్చా దుకాణమంటే
ఒక రేకు పెట్టె, పంచర్లు చూసే నీళ్ల తొట్టి,
స్తంభానికి గొలుసేసి కట్టిన పంపు.
సైకిల్ని తలకిందులు చేసి నిలబెట్టి
చేత్తో పెడలు తిప్పాడు.

నా కాళ్లు లేకుండా అది నడవడం
అప్పుడే చూశాను.
ముందు పళ్లచక్రం తీరిగ్గా ఒక చుట్టు తిరిగేలోపు
వెనకది రెండున్నర దాటేసింది.
మధ్యలో చైను,
పైన బిగుసుకుని, కింద వేలాడుతూ,
ఒకే మనిషి పొద్దునా సాయంత్రమూ లాగా.

చెయ్యి తీశాడు. పెడలు ఆగింది.
చక్రం ఆగలేదు. టిక్ టిక్ టిక్ టిక్.
"ఫ్రీవీల్ల రెండు కుత్తెలుంటయి" అన్నాడు,
"తొక్కితె పండ్లను కర్సి పడ్తయి,
ఆపితె ఊర్కె మొరుగుతయి."
ఇన్నేళ్లూ దిగుడులో వెంట వచ్చిన చప్పుడు
కుక్కలదని తెలిసి
ఎందుకో సంతోషమైంది.

చువ్వ మీటాడు: టంగ్.
పక్కది: టుంగ్.
పక్కదాన్ని పావు చుట్టు బిగించి
ఎదుటిదాన్ని కొంచెం వదిలాడు.
"ఇటు గుంజాల్నంటె అటు ఇడ్వాలె."
చక్రం ఔట్ పోయింది.
ఆయన బీడీ కూడా ఆరిపోయింది, చూసుకోలేదు.

ఇక కటక్ సంగతి.
కాటర్ పిన్నును కర్రముక్క అడ్డం పెట్టి కొట్టాడు,
క్రాంకు ఊడింది, కప్పు ఊడింది,
నల్లటి గ్రీసులోంచి ఇనప గోళీలు రాలాయి.
రెండు పగిలి పప్పుబద్దలైనాయి.
ఇంత చిన్నవాటి మీదా
నా డెబ్బై కిలోలు!

కప్పులో పసుపచ్చ గ్రీసు రాసి
కొత్త ఛర్రాలు ఒక్కొక్కటే అంటించాడు.
పన్నెండు పట్టాయి.
గుండ్రంగా, నిండుగా, సందు లేకుండా.
భేష్ అందామనుకున్నాను.
చచ్చా సూదితో ఒకదాన్ని పీకి
నా అరచేతిలో పెట్టాడు.

"నిండుగుంటె ఒకదాన్నొకటి ఒర్సుకుంటయి,
అరిగి పోతయి.
ఒకటి తక్కువుండాలె.
ఆ జాగల్నే తిరుగుడున్నది."

రెండో వైపూ అంతే.
ఇరవై నాలుగింటికి పైసలు తీసుకున్నాడు,
లోపల తిరిగేవి ఇరవై రెండే.

తిరుగుదారిలో వంతెన మీద కటక్ లేదు.
దాని బదులు మూసీ వాసన,
వెనక బస్సు హారను,
దిగుడులో నా రెండు కుక్కలు.

శ్రావణం వచ్చింది. ప్రెస్సు నిండా జనం.
ఒకాయన కార్డు దిద్దుతున్నాడు:
పిలిచేవాళ్లు పదకొండు మంది,
పైనా కిందా దేవుళ్లు,
అంచు చుట్టూ మామిడాకులు.
"మేనమామ పేరు మర్చినం. ఇంకొక్కటి పట్టియ్యి."
దండెబోయిన వీరమల్లు గారు,
ఎక్సైజ్ శాఖ, రిటైర్డ్.
చాలా పొడుగు పేరు.

తెర మీద ఖాళీ కోసం వెతుకుతున్నాను.
ఎడమ చెయ్యి జేబులో ఉంది,
రెండు వేళ్ల మధ్య
మిగిలిన ఛర్రా తిరుగుతోంది.
"పడ్తదా?" అంటున్నాడాయన,
ఇప్పటికి మూడోసారి.